పట్టాభిరామయ్య గారి ఈశాన్యం మూల

ఒక దేశం తన సైన్యాన్ని ఇంకో దేశంలోకి పంపకూడదు. కారణం ఎంత మంచిదైనా సరే, పంపకూడదు. ఈ రెండు ముక్కలు చెప్పినందుకు పట్టాభిరామయ్య గారికి యూనివర్సిటీ వాళ్ళు ముప్పై ఏళ్ళ పాటు జీతమిచ్చారు. హఫీజ్‌పేట్ ఆనందమయి కాలనీలో కొత్తగా దిగినవాళ్ళు "ఆ మూలింటి మాస్టారు ఏం చేస్తారండీ?" అని అడిగితే, "యుద్ధాలొద్దని చెప్తారు" అనేవాళ్ళు పాతవాళ్ళు. "మరి ఆగుతున్నాయా?" అని అడిగితే మాత్రం నవ్వి ఊరుకునేవాళ్ళు.

ఆయనది రేపల్లె. అంతర్జాతీయ సంబంధాలు చదువుకుని హైదరాబాద్ వచ్చి లెక్చరరుగా చేరిన ఏడాదే స్టాఫ్ రూములో చిన్న రభస జరిగింది. కిటికీ పక్క కుర్చీ నాదంటే నాదని ఇద్దరు సీనియర్లు కాలర్లు పట్టుకున్నారు. పట్టాభిరామయ్య గారు మధ్యలో దూరి విడదీయబోయారు. చూస్తుండగానే ఆ ఇద్దరూ ఒకటైపోయి, ఈ కొత్త కుర్రాడు మా మీద చెయ్యి చేసుకున్నాడని హెడ్డుకి ఫిర్యాదు చేసి, ఆ సాయంత్రం కలిసి కాఫీకి వెళ్ళారు. ఆయన సిద్ధాంతం అక్కడే పుట్టిందని శిష్యులు చెప్పుకునేవాళ్ళు. ఆయన ఒప్పుకునేవారు కాదు, అంతా చరిత్ర చదివి నేర్చుకున్నాననేవారు. మరి ఆ కుర్చీ సంగతేమిటండీ అంటే మాట మార్చేవారు.

సిద్ధాంతం పట్టుకున్నాక ఆయన దాన్ని ఎవరికోసమూ సడలించలేదు. అదే వచ్చిన చిక్కు. రష్యా అఫ్ఘానిస్తాన్‌లో దిగినప్పుడు అది తప్పని పేపర్లో రాశారు. క్యాంటీన్లో రోజూ ఆయనతో టీ తాగే ఎర్రజెండా మిత్రులు బల్ల మార్చేశారు. అమెరికా గ్రెనడా అనే చిన్న దీవిలో దిగితే అదీ తప్పని రాశారు. టీ మిత్రులు తిరిగొచ్చారు గానీ, వీసాలకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళు ఆయన పక్కన నిలబడి ఫొటో దిగడం మానేశారు. మన సైన్యమే శ్రీలంక వెళ్ళినప్పుడు, మనం చేసినా తప్పు తప్పేనని రాశారు. అప్పుడు అన్ని రంగుల జెండాలవాళ్ళూ కలిసి తిట్టారు. ఆయన భార్య వీరలక్ష్మి గారి అన్న నరసింహమూర్తి, సైన్యంలో హవల్దారుగా చేసి వచ్చినవాడు, ఒక పెళ్ళి పంక్తిలో బూరెలు వడ్డిస్తూ సరిగ్గా బావగారి విస్తరి దగ్గరికొచ్చేసరికి పళ్ళెం పైకెత్తి దాటుకుని వెళ్ళిపోయాడు. సైన్యం తిరిగొచ్చాక "మీరు చెప్పినట్టే అయింది బావగారూ" అని ఉత్తరం రాశాడు. పోయిన బూరెలు మాత్రం పోయినట్టే.

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన అంచనా తప్పలేదు. పక్కవాళ్ళకి ఇంతకంటే ఒళ్ళు మండించే గుణం ఇంకొకటి ఉండదు. అందుకే రీడరయ్యాక ఆ పైమెట్టు ఎక్కకుండానే రిటైర్మెంటు దాకా వచ్చేశారు. ఆ దిగులు పెద్దగా లేదాయనకి. ముప్పై ఏళ్ళ ఆలోచనంతా కూర్చి "జోక్యం" అని ఒక పుస్తకం రాస్తున్నారు. అది రిటైరయ్యేలోగా పూర్తవ్వాలి. దాని మొదటి వాక్యం: "ఇప్పటిదాకా ఏ జోక్యమూ తాను అనుకున్నది సాధించలేదు." ఆ ఒక్క వాక్యమే ఆయన సంపాదన. ఇల్లు కూడా ఆయనది కాదు, వీరలక్ష్మి గారి పేరు మీద ఉంది. రిజిస్ట్రేషన్ జరిగిన రోజున ఆయన ఢిల్లీ సెమినారులో శ్రీలంక గురించి మాట్లాడుతున్నారు.

దేశాల విషయంలో ఎలాగో ఇంటి విషయంలోనూ అలాగే. కూతురికి పేరు పెట్టే నాడు రెండు వైపుల ముసలమ్మలూ పళ్ళెం చుట్టూ చేరి పోట్లాడుకుంటుంటే ఈయన బియ్యంలో ఉంగరం పట్టుకుని తటస్థంగా కూర్చున్నారు. చివరికి వీరలక్ష్మి గారే ఉంగరం లాక్కుని "దేవిశ్రీ" అని రాసేసింది. ఆ పిల్ల ఇప్పుడు పెళ్ళయి అత్తారింట్లో ఉంది. పనిమనిషి మానేసినా, పాలవాడు నీళ్ళు కలిపినా, ఎదురింటివాళ్ళు చెత్త మన గుమ్మంలో పోసినా, ఆయన చెప్పేది ఒక్కటే మాట.

"అది నీ అంతర్గత వ్యవహారం వీరలక్ష్మీ. నేను కలగజేసుకోను."

ఆవిడకి మొదట్లో అది గౌరవంలా వినిపించింది. తర్వాత తర్వాత అది బద్ధకానికి వేసిన కోటులా కనిపించసాగింది.

తొంభై తొమ్మిది వేసవి వచ్చింది. మాదాపూర్ దిక్కున గుండ్రటి అద్దాల మేడ లేచి అప్పటికి కొన్ని నెలలైంది. దాని చుట్టూ ఇంకా మేడలు కట్టాలని మధ్యాహ్నమయ్యేసరికి బండరాళ్ళు పేల్చేవాళ్ళు, కాలనీలో కిటికీ అద్దాలు గలగలమనేవి. టీవీలో ఏమో కొసావో పేరు చెప్పి సెర్బియా మీద విమానాలు బాంబులు వేస్తున్నాయి. పట్టాభిరామయ్య గారికి తెర మీద చప్పుడేదో, బయటి చప్పుడేదో తెలిసేది కాదు. ఈ బాంబుల మీద ఆయన వ్యాసం ఎంతో హాయిగా సాగిపోయింది, ఎందుకంటే పోగొట్టుకోవడానికి స్నేహితులెవరూ మిగల్లేదు.

కాలనీకి మాత్రం కొసావో పట్టలేదు. కాలనీ బోరు ఎండిపోయింది. కొత్తగా దిగిన కంప్యూటరు ఉద్యోగుల ఇళ్ళన్నీ అదే బోరు మీద పడ్డాయి. వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చేది, అదొచ్చిన రోజున రోడ్డు మీద బిందెల యుద్ధం. వీరలక్ష్మి గారు ఆ యుద్ధంలో ప్రతిసారీ ముందు వరసలో ఉండేది. చీర తడిసి, గాజు పగిలి, రెండు బిందెలతో ఇంటికొస్తే, భర్త గారు గదిలో కూర్చుని నదీజలాల ఒప్పందాల గురించి చదువుతూ కనిపించేవారు. ఒకనాడు బిందె ఆయన బల్ల మీదే పెట్టింది.

"చూడండి, ఇది నీళ్ళు. పుస్తకంలో దొరకవు."

కాలనీ సంఘానికి అధ్యక్షుడు సుబ్బరాయుడు గారు. గుడివాడ మనిషి. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. బోరెందుకు ఎండిందో ఆయనకి తెలియకపోలేదు, కానీ తెలిసిన కారణానికి ఆయన దగ్గర మందు లేదు. అందుకని ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. సిద్ధాంతి దిక్సూచి పట్టుకుని వీధులన్నీ తిరిగి, చివరికి పట్టాభిరామయ్య గారి గేటు ముందు నిలబడిపోయాడు.

"కాలనీకంతటికీ ఈశాన్యం మూల ఈ ఇల్లే. ఈ ఇంటికి ఈశాన్యం మూల ఆ గది. ఈశాన్యం అంటే నీటి స్థానం, తేలిగ్గా ఉండాలి. ఆ గదిలో ఏముందండీ?"

ఆ గదిలో పుస్తకాలున్నాయి. నేల నుంచి కప్పు దాకా, నాలుగు గోడలా, మంచం కిందా, మంచం మీదా. మూడు ఖండాల యుద్ధాలన్నీ ఆ ఒక్క గదిలో బరువుగా కూర్చున్నాయి.

"అదీ సంగతి," అన్నాడు సుబ్బరాయుడు గారు. "మాస్టారూ, మీ మీద మాకేం కక్ష లేదు. పుస్తకాలు నైరుతి గదిలోకి మార్చి, ఈ గోడకి ఒక కిటికీ తీస్తే చాలట. ఒక్క పూట పని. అందరి మంచికీ."

పట్టాభిరామయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆయన ఏ మాటలు అచ్చులో చూశారో, అవే మాటలు ఇప్పుడు ఆయన వరండాలో నిలబడి ఉన్నాయి.

"సుబ్బరాయుడు గారూ, ఇది నా ఇల్లు. నా సరిహద్దు లోపల నా పుస్తకాలు ఎక్కడుండాలన్నది నా ఇష్టం. ఇంతకీ నా పుస్తకాల వల్లే బోరు ఎండిందని సాక్ష్యమేమిటి?"

"నిన్న సంఘం మీటింగులో తీర్మానం చేశామండి. ఏకగ్రీవం."

"నేను రాలేదు కదా?"

"మీరు మీటింగులకి ఎప్పుడొచ్చారండీ? అందుకే ఏకగ్రీవమైంది."

"మీరెంతమంది తీర్మానించినా ఇంటి యజమాని ఒప్పుకోకుండా లోపల అడుగు పెట్టడానికి వీల్లేదు. అది చట్టం."

సుబ్బరాయుడు గారు ఆయన్ని దాటి వంటింటి గుమ్మం వైపు చూశాడు. "ఏమ్మా వీరలక్ష్మి గారూ? మీరేమంటారు?"

వీరలక్ష్మి గారికి వాస్తు మీద అంత నమ్మకమేమీ లేదు. కానీ చేతికి పగిలిన గాజు గీసిన గాటు ఇంకా మానలేదు. ఎవరో ఒకరు, ఏదో ఒకటి చేస్తామంటున్నారు. ఇంట్లో ఉన్నాయనేమో ఏమీ చెయ్యనని శాస్త్రం రాసి కూర్చున్నాడు.

"కానివ్వండి," అంది.

పట్టాభిరామయ్య గారికి తన రాతే అడ్డొచ్చింది. ఆయన పుస్తకంలోనే ఆరో అధ్యాయంలో అరపేజీ మినహాయింపు ఉంది: చట్టబద్ధమైన ప్రభుత్వం తానే పిలిస్తే దాన్ని దండయాత్ర అనడం కష్టం. ఈ ఇంట్లో చట్టబద్ధమైన ప్రభుత్వం ఎవరో ఆయనకీ తెలుసు, పాలవాడికీ తెలుసు.

మర్నాడు కొండాపూర్ నుంచి మొగిలి మేస్త్రి తన మనుషులతో దిగాడు. సంఘంవాళ్ళు చేతులు మార్చుకుంటూ పుస్తకాలన్నీ నైరుతిలో ఉన్న పడకగదిలోకి చేర్చారు. పడకగదిలోని మంచం హాల్లోకి వచ్చింది. హాల్లోని సోఫా వరండాలోకి పోయింది. ఒక్క పూటలో నిజంగానే అయిపోయేది, కిటికీ కోసం గోడ కొడుతుంటే లోపలున్న నీళ్ళ పైపు పగలకపోయి ఉంటే.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్," అన్నాడు మొగిలి. "పైపు పాతది. గిట్ల కాకపోయినా రేపో ఎల్లుండో పగిలేదే. జర గోడ ఇంకింత తీస్త, పైపు మారుస్త, మళ్ళ కడ్త."

గోడ ఇంకాస్త తీశాక, పైపు వంటింటి గట్టు కిందుగా వెళ్తోందని తెలిసింది. గట్టు కొట్టారు. గట్టు కొట్టాక సిద్ధాంతి వచ్చి చూసి, కొట్టారు కనక చెప్తున్నానని, పొయ్యి ఆగ్నేయానికి ఒక జానెడు జరపమన్నాడు. ఇంతలో మొగిలికి హైటెక్ సిటీ దిక్కు పెద్ద పని తగిలింది. గోడకి మనిషి పట్టేంత కంత వదిలి, మనుషుల్ని తీసుకుని వెళ్ళిపోయాడు. గోడ తెరిచి ఉంది కనక ఇంటికి కాపలా కావాలి. కాపలా బాధ్యత సంఘానిది కనక సుబ్బరాయుడు గారు ఒక మడతకుర్చీ తెచ్చుకుని వరండాలో మకాం పెట్టాడు. సంఘం సభ్యులు వంతుల ప్రకారం వచ్చి కూర్చునేవాళ్ళు. వచ్చినవాళ్ళకి కాఫీ పెట్టాలి. వంటింట్లో గట్టు లేదు కనక పెరట్లో కట్టెల పొయ్యి పెట్టుకున్నారు. ఎండలో చెంగు నెత్తి మీద కప్పుకుని, ఆక్రమించిన సేనలకి వీరలక్ష్మి గారు రోజంతా కాఫీలు అందించింది.

ఈ వినాశనం మధ్య ఇంట్లో ఒక మనిషి మాత్రం తెగ సంతోషంగా ఉన్నారు. మీరు ఊహించినవారే.

పట్టాభిరామయ్య గారు జీవితమంతా దూరం నుంచి చదివిన విషయం ఇప్పుడు కళ్ళెదుట, తన సొంత హాల్లో, అధ్యాయం తర్వాత అధ్యాయం జరుగుతోంది. చిన్న లక్ష్యంతో లోపలికి రావడం, మూడో అధ్యాయం. వచ్చాక లక్ష్యం పెరగడం, నాలుగు. స్థానిక మిత్రుడు సగంలో తన పని చూసుకోవడం, ఐదు. మొగిలి వెళ్ళిపోయిన రోజున ఆయన చేతులు రుద్దుకుంటూ పెరట్లోకి పరుగెత్తుకొచ్చారు.

"వీరలక్ష్మీ! నేను రాసింది రాసినట్టు జరుగుతోంది! అక్షరం పొల్లుపోలేదు!"

వీరలక్ష్మి గారు కాఫీ వడబోస్తూ ఆగింది.

"మన ఇంటి గోడ కూలితే మీకు అధ్యాయం దొరికిందని సంబరమా? పొగలో నా కళ్ళు పోతున్నాయి. ఆ పుస్తకం మీద పెట్టిన ఆసక్తి ఈ ముప్పై ఏళ్ళలో ఒక్కరోజు నా మీద పెట్టారా?"

"పిలిచింది నువ్వే కదా..."

"అవును, నేనే పిలిచాను. పిలిస్తే పలికేవాళ్ళు ఇంట్లో లేకపోతే బయటివాళ్ళనే పిలుస్తారు ఎవరైనా."

ఆయన గదిలోకి వెళ్ళిపోదామనుకున్నారు. గది లేదు. పెరట్లోనే కాసేపు నిలబడి, ఆవిడ చేతిలోంచి గ్లాసుల పళ్ళెం తీసుకుని వరండాలోకి పట్టుకెళ్ళారు. సుబ్బరాయుడు గారు, "మాస్టారూ, చక్కెర కొంచెం తక్కువైందండి," అన్నాడు.

జూన్‌లో వాన పడింది. మామూలుగా పడే వాన కాదు, అడ్డంగా కొట్టే వాన. ఈశాన్యం గోడ కంతలోంచి నేరుగా లోపలికొచ్చి, హాలు దాటి, నైరుతి గదిలోకి పోయి, నేల మీద ఉన్న అట్టపెట్టెల అడుగున చేరింది. పుస్తకాలకి పెద్దగా దెబ్బ తగల్లేదు. కానీ "జోక్యం" రాతప్రతి అడుగు పెట్టెలో ఉంది. పట్టాభిరామయ్య గారు దాన్ని తీసి చూసేసరికి సిరా అక్కడక్కడా పాకి, కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ముద్దలా ఉంది. ఆయన మంచం మీద కూలబడిపోయారు. ఆ మొహం చూసి వీరలక్ష్మి గారికి కోపం ఎక్కడికి పోయిందో పోయింది. ఇది ఆయన ఒక్కగానొక్క సొత్తని ఆవిడకంటే బాగా ఎవరికి తెలుసు?

ఆవిడ రాతప్రతి ఆయన చేతిలోంచి తీసుకుంది. ఒక్కొక్క కాగితమూ విడదీసి, పల్చటి పంచె గుడ్డ పైన వేసి, ఇస్త్రీ పెట్టె తగుమాత్రం వేడి చేసి, ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. కరెంటు ఉన్నప్పుడల్లా చేసింది. ఇస్త్రీ చేస్తూ చదివింది. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ భర్త రాసింది చదవడం అదే మొదటిసారి. కొన్ని చోట్ల తల ఊపింది, ఒక చోట నవ్వింది, ఆరో అధ్యాయం అరపేజీ దగ్గర పెట్టె ఎత్తి పట్టుకుని కాసేపు ఆగింది.

ఆ వానలకే బోరులోకి నీళ్ళొచ్చాయి. మొదట ఎర్రనీళ్ళు, తర్వాత తేటనీళ్ళు. పక్క కాలనీ బోరుకీ వచ్చాయి, ప్రగతి నగర్ చెరువుకీ వచ్చాయి. అక్కడెవరూ పుస్తకాలు జరపలేదు. సరే, నీళ్ళొచ్చాయి కదా, ఇక వెళ్తారు అనుకున్నారు భార్యాభర్తలు. సుబ్బరాయుడు గారు కుర్చీలోంచి లేవలేదు.

"వచ్చిన నీళ్ళు నిలబడాలి కదమ్మా. సిద్ధాంతి గారు మెట్లు కూడా తిప్పాలంటున్నారు. సగంలో వదిలేస్తే మళ్ళీ పోయాయంటే నా మొహం కాలనీకి ఎలా చూపించను?"

నీళ్ళు రాకపోతే ఇంకా చెయ్యాలి, వస్తే పోకుండా ఇంకా చెయ్యాలి. పట్టాభిరామయ్య గారు ఈ తర్కాన్ని మెచ్చుకోబోయి, భార్య వైపు చూసి మానుకున్నారు. ఆ మధ్యాహ్నం ఆవిడ ఇస్త్రీ చేసిన కట్ట తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టింది.

"పది అధ్యాయాలూ అయ్యాయి. వాళ్ళెందుకు వస్తారో రాశారు. ఎలా ఇరుక్కుంటారో రాశారు. వచ్చినవాళ్ళని ఎలా పంపించాలో ఏదండీ? ఆ కాగితాలు ఎక్కడైనా వానకి కొట్టుకుపోయాయా?"

అలాంటి కాగితాలు లేవు. ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న ఏ సెమినారులోనూ ఎవరూ వెయ్యలేదు.

"నాకు మెట్లు వద్దు, ఆగ్నేయం వద్దు. నా వంటిల్లు నాకు కావాలి," అంది ఆవిడ. "ఇది అంతర్గత వ్యవహారమే. నేను పిలుస్తున్నాను. కలగజేసుకోండి."

పట్టాభిరామయ్య గారు పడకగదిలో అట్టపెట్టెల మధ్య కూర్చుని పుస్తకాలు తిరగేశారు. సైన్యాలు ఎలా వెనక్కి వెళ్ళాయి? ఎవరూ ఓడిపోయామని వెళ్ళలేదు. ప్రతివాళ్ళూ బాండు మేళంతో, పతకాలతో, పని పూర్తయిందని ఉపన్యాసం చెప్పి వెళ్ళారు. ప్రతి ఉపన్యాసం పక్కనా మార్జిన్‌లో ఆయన పెన్సిలు రాత ఉంది. కుర్రతనంలో రాసినది, నడివయసులో రాసినది, నిన్నమొన్న రాసినది, అన్నీ ఒకటే మాట: "అబద్ధం!" అబద్ధమే. కానీ ఆ అబద్ధం చెప్పాకే సైనికులు ఇళ్ళకి వెళ్ళారు.

ఆ ఆదివారం సంఘం సర్వసభ్య సమావేశం. పార్కులో షామియానా వేశారు. పట్టాభిరామయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరసలో వచ్చి కూర్చుంటే, తప్పు మీటింగుకి వచ్చారేమోనని ఇద్దరు ముగ్గురు అడిగారు. ఆయన చేతిలో ఒక శాలువా ఉంది. తన సన్మానాలకి వచ్చినవి రెండే ఉంటే, అందులో బాగున్నది తెచ్చారు.

ఆయన మైకు ముందుకొచ్చి నిలబడ్డారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న వీరలక్ష్మి గారికి ఆయన ఏం చెప్పబోతున్నారో తెలియదు.

"నేను ఈ విషయాలే చదివి, ఈ విషయాలే చెప్పి, ముసలివాణ్ణయ్యాను," అన్నారు. "ఎన్నో జోక్యాలు చూశాను. ఒక్కటీ సఫలం కాలేదని రాశాను. ఇవాళ మీ అందరి ముందూ చెబుతున్నాను. మా ఇంట్లో సుబ్బరాయుడు గారు చేసిన జోక్యం..." ఆగారు. కళ్ళజోడు సర్దుకున్నారు. "సంపూర్ణంగా విజయవంతమైంది. ఈశాన్యం తేలికపడింది, బోరుకి నీళ్ళొచ్చాయి. పని పూర్తయింది కనక మా ఇంట్లో ఇక ఆయన సాధించవలసింది ఏమీ మిగల్లేదు. కాలనీ తరఫున ఈ శాలువా."

చప్పట్లు మోగిపోయాయి. వీరలక్ష్మి గారు మాత్రం చప్పట్లు కొట్టలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇస్త్రీ చేస్తూ మొదటి వాక్యం చదివిన మనిషి ఆవిడ. ఆ వాక్యాన్ని ఆయన భార్య కోసం మైకు ముందు నిలబడి చంపుకున్నారని ఆ షామియానా కింద ఆవిడకొక్కదానికే తెలుసు.

శాలువా కప్పించుకుంటూ సుబ్బరాయుడు గారు ఆయన చెవి దగ్గర అన్నాడు. "మీ మేలు మర్చిపోలేనండి మాస్టారూ. ఆ కుర్చీలో కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది. ఎలా లేవాలో నాకూ తెలియలేదు."

తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. మొగిలి మళ్ళీ వచ్చి కంత పూడ్చి, కిటికీ బిగించి, గట్టు కట్టేసి, "చూసిన్రా సార్, నేను జెప్పిన గద, జల్దీ అయిపోతదని," అని వెళ్ళిపోయాడు. పొయ్యి వంటింట్లోకి వచ్చింది. ఆ సాయంత్రం వీరలక్ష్మి గారు తన గట్టు మీద, తన పొయ్యి మీద, ఇద్దరికే సరిపడా కాఫీ పెట్టి పట్టుకొచ్చింది.

"పెళ్ళయినప్పటినుంచీ చూస్తున్నాను. ఇదే మొదటిసారి మీరు నా విషయంలో కలగజేసుకోవడం," అంది.

"నువ్వు పిలిచావు."

"ఇన్నాళ్ళూ పిలుస్తూనే ఉన్నానండీ. మీకు వినపడలేదు."

ఆయన ఒక గుక్క తాగారు. కాఫీ చాలా బాగుందని చెప్పారు. అదీ మొదటిసారే.

పుస్తకాలు రోజుకో సంచీ చొప్పున ఈశాన్యం గదికి తిరిగొచ్చాయి. కొత్త కిటికీలోంచి రోడ్డు మీదవాళ్ళకి కనపడకుండా వీరలక్ష్మి గారు దళసరి పరదా వేసింది. రాతప్రతిలో పదకొండో అధ్యాయం మొదలైంది. అంతా బాగున్నట్టే ఉంది. అప్పుడు ఎదురు వరసలో ఉండే అనసూయమ్మ గారు ఒక కరపత్రం పట్టుకుని వచ్చింది. ఒంటరి మనిషి, నోట్లో నాలుక లేనిది. ఇంటి ఈశాన్యం మూల ఆవిడ అత్తగారి నాటి రాతి రుబ్బురోలు ఉంది.

"సంఘంవాళ్ళు రేపు పొద్దున్న వస్తామన్నారండి. వచ్చిన నీళ్ళు నిలబడాలంటే రోలు తీసేసి గోడ కొట్టాలట. వద్దంటే ఇది చూపించారు."

కరపత్రంలో, పెద్ద అక్షరాల్లో, "అంతర్జాతీయ నిపుణులు శ్రీ పట్టాభిరామయ్య గారి మాటల్లో" అని ఉంది. కింద మైకు ముందు ఆయన అన్నది అన్నట్టే అచ్చయింది. పట్టాభిరామయ్య గారు రెండుసార్లు చదివారు. తర్వాతి యుద్ధం ఎక్కడి నుంచి వస్తుందన్నది ఆయన ఎన్నో పుస్తకాల్లో వెతికారు. గడిచిన యుద్ధం చివర్న చెప్పిన ఉపన్యాసంలోంచి వస్తుందని ఇప్పుడు తెలిసింది, అదీ తన ఉపన్యాసమే అయినప్పుడు. పెన్సిలు తీసుకుని, కరపత్రం మార్జిన్‌లో, ఎప్పుడూ రాసే మాటే రాసుకున్నారు. చేతిరాత ఈసారి కొంచెం వంకరపోయింది. పదకొండో అధ్యాయం కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

"రాసుకోవడం తర్వాత," అంది వీరలక్ష్మి గారు. "రేపు పొద్దున్నే చొక్కా వేసుకోండి. అనసూయమ్మ గారి గేటు ముందు నిలబడాలి మనం."

"అది వాళ్ళ అంతర్గత..." అని అలవాటు కొద్దీ మొదలుపెట్టి, ఆగిపోయారు. అనసూయమ్మ గారి వైపు తిరిగి, "ఇల్లు ఎవరి పేరు మీద ఉందండీ?" అని అడిగారు.

"నా పేరు మీదే నాయనా."

"మీరు మమ్మల్ని పిలుస్తున్నట్టేనా?"

"పిలవడానికే కదండీ వచ్చాను."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. వరండా మూల సుబ్బరాయుడు గారు మర్చిపోయిన మడతకుర్చీ ఉంది. పట్టాభిరామయ్య గారు దాన్ని చంకన పెట్టుకున్నారు.

"ఎదురు వరసే కదండీ, కుర్చీ ఎందుకు?" అంది వీరలక్ష్మి గారు.

"వెళ్ళడం ఎంతసేపు? ఎప్పుడు తిరిగొస్తామో చెప్పలేం," అన్నారాయన. "ఫ్లాస్కులో కాఫీ కూడా పొయ్యి."